బోణీ ఇంకా కాలేదు

చదువుదాం

పిల్లలూ, ఇండియా వెళ్ళినప్పుడు పొద్దున్నే కూరగాయల బండి దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? ధర ఎక్కువగా ఉందని అమ్మ పక్కకి కదలబోతే, బండి అతను "బోణీ బేరం అమ్మా, రెండు రూపాయలు తగ్గించి ఇస్తా, తీసుకెళ్ళండి" అంటాడు. ఆ రోజు జరిగే మొదటి అమ్మకాన్ని బోణీ అంటారు. బోణీ డబ్బు చేతిలో పడగానే చాలామంది కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తారు. బోణీ అయ్యేదాకా వాళ్ళ మనసు మనసులో ఉండదు. ఎవరూ రాని కొట్టుని చూసి పక్కవాళ్ళు "ఈగలు తోలుకుంటున్నాడు" అని నవ్వుతారు కూడా.

ఈ పాఠంలో ఇంకో రకం కొట్టు గురించి చదువుదాం. ఇందులో సరుకు ఉండదు, గల్లాపెట్టె ఉండదు, తలుపు కూడా ఉండదు. కానీ ఇక్కడ కూడా బోణీ కోసం ఎదురుచూస్తారు. ఒక్కోసారి నెలల తరబడి చూస్తారు.

దాన్ని అఫిలియేట్ వెబ్‌సైట్ అంటారు. పని చాలా సులువుగా అర్థమవుతుంది. మీకు బాగా తెలిసిన ఒక వస్తువు గురించి మీరు వ్యాసం రాస్తారు. అందులో ఒక పెద్ద దుకాణానికి లింకు పెడతారు. చదివినవాళ్ళు ఆ లింకు నొక్కి కొంటే, దుకాణం మీకు కొంత కమీషన్ ఇస్తుంది. కొన్నవాళ్ళకి ధర పెరగదు. అమెజాన్ ఈ పద్ధతిని 1996లో మొదలుపెట్టింది. మన ఊళ్ళల్లో ధాన్యం, పశువులు, ఇళ్ళు అమ్మిపెట్టే మధ్యవర్తులు ఎప్పటినుంచో ఉన్నారు. పని అదే, చోటు మాత్రం మారింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇలాంటి ఖాతా తెరవడానికి మామూలుగా 18 ఏళ్ళు నిండాలి. కాబట్టి ఇది చదివి రేపే ఖాతా తెరవకండి. కానీ లెక్క నేర్చుకోవడానికి, రాయడం నేర్చుకోవడానికి వయసుతో పని లేదు.

ఇప్పుడు ఒక అక్క, తమ్ముడి కథ. వాళ్ళు డాలస్ దగ్గర ఉంటారు. అక్కకి 19 ఏళ్ళు, కాలేజీలో చదువుతోంది. తమ్ముడికి 13. వాళ్ళ తాతయ్య తెనాలిలో చాలా ఏళ్ళు స్టీలు సామాన్ల కొట్టు నడిపారు. అందుకేనేమో, అక్క తన వెబ్‌సైట్‌కి మన వంటింటి సామాన్లనే ఎంచుకుంది: ఇడ్లీ పాత్రలు, కుక్కర్లు, పిండి రుబ్బే గ్రైండర్లు. వెబ్‌సైట్ పెట్టి నాలుగు నెలలైంది.

సంభాషణ

తమ్ముడు: ఏంటక్కా, మొహం అలా పెట్టావ్?

అక్క: మళ్ళీ సున్నారా. నాలుగు నెలలు, తొమ్మిది వ్యాసాలు, ఒక్కటంటే ఒక్కటి అమ్ముడుపోలేదు. ఎవరూ కొనరు. మూసేస్తాను.

తమ్ముడు: అసలు ఎంతమంది చదివారు?

అక్క: మొత్తం మీద 310 మంది. అందులో లింకు నొక్కినవాళ్ళు 28 మంది.

తమ్ముడు: మరి పిన్నినీ మామయ్యనీ నీ లింకుతో కొనమంటే? పిన్నికి ఎలాగూ కుక్కర్ కావాలంటోంది.

అక్క: కుదరదు. మన కోసం, మనవాళ్ళ కోసం మన లింకుతో మనమే కొంటే లెక్కలోకి రాదు. రూల్స్‌లో రాసి ఉంది. పైగా టైం కూడా అయిపోతోంది. 180 రోజుల్లో మూడు అమ్మకాలు జరగాలి. లేకపోతే ఖాతా మూసేస్తారు. ఇంకా 60 రోజులే ఉన్నాయి. అందుకే ఇవాళ ఒక కొత్త వ్యాసం రాశా, చూడు.

తమ్ముడు: (చదువుతూ) "రెండేళ్ళుగా మా ఇంట్లో ఈ గ్రైండర్‌నే వాడుతున్నాం. దీనికి మించింది లేదు." అక్కా... ఇది మనింట్లో ఎప్పుడుంది?

అక్క: లేదు. కానీ దీని ధర ఎక్కువ. అమ్ముడైతే కమీషన్ కూడా ఎక్కువ.

తమ్ముడు: ఎవరైనా చదివి నిజంగా కొన్నారనుకో. పిండి సరిగ్గా రుబ్బకపోతే?

అక్క ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆ వ్యాసం తీసేసింది. అప్పుడే తెనాలి నుంచి అమ్మమ్మ వీడియో కాల్ వచ్చింది.

అమ్మమ్మ: ఏం తల్లీ, అన్నం తిన్నారా? ఏంటి అలా ఉన్నావు?

అక్క: బోణీ కాలేదు అమ్మమ్మా. నాలుగు నెలలైంది.

అమ్మమ్మ: మీ తాతయ్య కొట్టు పెట్టిన కొత్తలో రోజూ ఇదే పాట. అయితే ఆయన ఒక పని చేసేవారు. కొన్నవాళ్ళ లెక్క గల్లాపెట్టెలో ఎలాగూ ఉంటుంది కదా. కొనకుండా వెళ్ళినవాళ్ళు ఏం అడిగారో అది ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. "పెద్ద గుండిగ అడిగారు, లేదు." "చిన్న క్యారేజీ అడిగారు, మూత వదులుగా ఉందన్నారు." సరుకు తేవడానికి విజయవాడ వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకునే వెళ్ళేవారు.

తమ్ముడు: అక్కా, నీ వెబ్‌సైట్‌కి అలాంటి పుస్తకం ఏమన్నా ఉందా?

ఉంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒక ఉచిత సాధనం ఉంది. జనం గూగుల్‌లో ఏ మాటలు వెతికినప్పుడు మన పేజీ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది అది చూపిస్తుంది. అక్క దాన్ని ఇన్నాళ్ళూ తెరవనే లేదు. రోజుకి పదిసార్లు అమ్మకాల పేజీ మాత్రం చూసుకునేది. అక్కడ సున్నా తప్ప ఇంకేమీ లేదు. సున్నాని ఎన్నిసార్లు చూసినా మనకి అది కొత్తగా ఏమీ చెప్పదు.

ఆ రోజు ఇద్దరూ కలిసి కన్సోల్ తెరిచారు. "వంటింట్లో ఉండాల్సిన 10 వస్తువులు" అన్న వ్యాసం ఆ నెలలో 1,400 సార్లు కనిపించింది. నొక్కింది 7 సార్లు. "ఇండియా గ్రైండర్ అమెరికాలో తిరుగుతుందా?" అన్న వ్యాసం 420 సార్లే కనిపించింది. కానీ నొక్కింది 42 సార్లు!

ఎందుకంటారు? మొదటిదానిలాంటి వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. రెండోది ఒక ఇంటి సమస్య. ఇండియాలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. కాబట్టి కోయంబత్తూరు నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన గ్రైండర్‌ని ఇక్కడ నేరుగా గోడకి తగిలిస్తే సరిగ్గా తిరగదు. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా ఇక్కడి కరెంటుకి తయారైన గ్రైండరే కొనుక్కోవాలి. (కోయంబత్తూరు గ్రైండర్లకి మన బంగినపల్లి మామిడికి ఉన్నట్టే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంత పేరున్న ఊరు అది.) మీరు దుబాయ్‌లోనో, లండన్‌లోనో, కౌలాలంపూర్‌లోనో ఉంటే మీకు ఈ బాధ లేదు. అక్కడి కరెంటు దాదాపు ఇండియాలాంటిదే, ప్లగ్గు మారిస్తే చాలు. డాలస్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం పప్పు నానబోసిన రోజు ఇది నిజంగా పెద్ద సమస్య. జనం వెతికేది ఇలాంటివే.

లెక్క చూద్దాం

అక్క "ఎవరూ కొనరు" అంది. అది నిజమో కాదో లెక్క వేసి చూద్దాం. లింకు నొక్కిన ప్రతి 50 మందిలో ఒకరు కొంటారని అనుకుందాం. ఇది మనం అనుకున్న అంకె మాత్రమే, ఒక్కో వెబ్‌సైట్‌కి ఒక్కోలా ఉంటుంది. అక్క లింకులు నొక్కింది 28 మంది. అంటే ఆమెకి రావాల్సింది సుమారు సగం అమ్మకం. సగం గ్రైండర్ ఎవరూ కొనరు కదా! కాబట్టి ఇప్పటికి సున్నా ఉండడంలో వింతేమీ లేదు.

సరే, 50 మంది నొక్కాక కచ్చితంగా ఒకటి అమ్ముడవుతుందా? అది కూడా చెప్పలేం. ఇంట్లో పాచిక ఉంటే తీసుకుని ఆరుసార్లు వెయ్యండి. ఆరు ముఖాలున్నాయి కాబట్టి ఒక్క ఆరైనా పడాలి అనిపిస్తుంది. కానీ ఇలా ఆరేసిసార్లు వేసే ఆటని చాలాసార్లు ఆడితే, సుమారు మూడింట ఒక వంతు ఆటల్లో ఒక్క ఆరు కూడా పడదు. మీ తరగతిలో అందరూ వేసి చూడండి. ఆరు పడనివాళ్ళు పాచికని తప్పుగా వేశారా? లేదు. అక్క కూడా అంతే.

ఇంకో సంగతి. అమెజాన్ అమెరికా పద్ధతిలో, లింకు నొక్కిన 24 గంటల్లో ఆ వస్తువు కొనాలి, లేదా కనీసం కార్టులో వేసుకోవాలి. అప్పుడే కమీషన్ వస్తుంది. ఇప్పుడు మీ ఇంట్లో 200 డాలర్ల గ్రైండర్ ఎలా కొంటారో గుర్తు తెచ్చుకోండి. అమ్మ మూడు వ్యాసాలు చదువుతుంది. అమ్మమ్మకి ఫోన్ చేసి అడుగుతుంది. నాన్న "ఉన్నది బాగానే ఉందిగా" అంటారు. దసరాకి చూద్దాం అనుకుంటారు. 24 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. గ్రైండర్ కొంటారు, అక్క రాసింది చదివే కొంటారు, కానీ అక్క లెక్కలో సున్నానే ఉంటుంది. చవక వస్తువుల సంగతి వేరు. ఇడ్లీ పాత్ర కొనడానికి ఇంట్లో సభ పెట్టరు.

ఒక తమాషా కూడా ఉంది. ఆ 24 గంటల్లో వాళ్ళు ఇంకేదైనా కొన్నా మామూలుగా కమీషన్ లెక్కలోకి వస్తుంది. మీరు గ్రైండర్ గురించి రాస్తే, చదివినవాళ్ళు సబ్బులు కొనుక్కుపోవచ్చు.

భాష తెలుసుకుందాం: "కొనలేదు", "కొనరు"

అక్క కోపంలో అన్న రెండు మాటలు మళ్ళీ చూడండి. "అమ్ముడుపోలేదు" అంది. వెంటనే "ఎవరూ కొనరు" అంది. ఈ రెండూ ఒకటి కావు.

కొనలేదు అంటే ఇప్పటివరకు జరిగినది. ఇది లెక్కపుస్తకం మాట. దీనికి సాక్ష్యం ఉంటుంది.

కొనరు అంటే అలవాటు, లేదా ఇకముందు జరగబోయేది. ఇది జోస్యం. "మా ఇంట్లో మాంసం తినరు" అంటే ఎప్పుడూ తినరని. "నిన్న మాంసం తినలేదు" అంటే నిన్నటి సంగతే.

విదేశాల్లో పెరిగే పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. "నిన్న నేను బడికి వెళ్ళను" అంటారు. "వెళ్ళలేదు" అనాలి. గుర్తుపెట్టుకోవడానికి ఒక ఉపాయం: "లేదు" వచ్చినప్పుడు మనిషి మారినా మాట మారదు. నేను కొనలేదు, నువ్వు కొనలేదు, వాళ్ళు కొనలేదు. రెండోదాంట్లో మాత్రం మారుతుంది. నేను కొనను, నువ్వు కొనవు, అతను కొనడు, ఆమె కొనదు, మేం కొనం, వాళ్ళు కొనరు. ("ఆమె కొనలేదు" అంటే "కొనే శక్తి లేదు" అని కూడా అర్థం వస్తుంది. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. దాని సంగతి వేరే పాఠంలో.)

ఇప్పుడు ముందు "ఇంకా" చేర్చండి. "ఇంకా ఎవరూ కొనలేదు." బస్సు ఇంకా రాలేదు, అన్నం ఇంకా ఉడకలేదు, బోణీ ఇంకా కాలేదు. "ఇంకా" అన్నప్పుడు పని నడుస్తోందని అర్థం. అయితే ఊరికే "ఇంకా, ఇంకా" అనుకుంటూ కూర్చుంటే సరిపోదు సుమా! పొయ్యి వెలిగించకుండా "అన్నం ఇంకా ఉడకలేదు" అనడం అబద్ధమే అవుతుంది. "10 వస్తువులు" వ్యాసం విషయంలో అక్క "కొనరు" అనే అనాలి. 1,400 సార్లు కనిపించినా ఏడుగురే నొక్కారంటే, ఆ పేజీ ఎవరికీ అక్కర్లేదు. గ్రైండర్ వ్యాసం విషయంలో "ఇంకా కొనలేదు" అనాలి. రెండు పేజీలకీ సున్నానే వచ్చింది, కానీ రెండు సున్నాలకీ అర్థం వేరు.

తర్వాత ఏమైంది?

అక్క ఒక పద్ధతి పెట్టుకుంది. అమ్మకాల పేజీని ఆదివారం ఒక్కసారే చూస్తుంది. మిగతా రోజుల్లో తన చేతిలో ఉన్న పనినే లెక్క పెట్టుకుంటుంది: ఈ వారం ఎవరి ప్రశ్నకి జవాబు రాశాను, ఏ పాత వ్యాసం సరిచేశాను. అమ్మకం కొనేవాళ్ళ చేతిలో ఉంది, రాయడం తన చేతిలో ఉంది. నా మటుకు నాకు, మనసు నిలవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం కనబడదు. గోడ మీద అంటించే ఉత్సాహపు మాటలు మూడు రోజులకి మించి పనిచెయ్యవు.

తర్వాతి వ్యాసం ఇడ్లీ పాత్రల గురించి. అమెరికాలో కొన్ని ఇళ్ళల్లో ఇండక్షన్ పొయ్యిలు వస్తున్నాయి. వాటి మీద అల్యూమినియం ఇడ్లీ పాత్ర వేడెక్కదు. ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం పాత్ర అడుగుకి అంటుకుంటే ఇండక్షన్ మీద పనిచేస్తుంది, అంటుకోకపోతే పనిచెయ్యదు. తమ్ముడు ఇంట్లో ఉన్న పాత్రలన్నీ అయస్కాంతంతో పరీక్ష చేశాడు. 23 పాత్రల్లో 9 అంటుకున్నాయి. అక్క ఆ ఫొటోలే వ్యాసంలో పెట్టింది. పైన, మొదటి పేరాలోనే, "ఈ లింకుల ద్వారా మీరు కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది" అని రాసింది. అలా చెప్పాలని అమెరికాలో చట్టమే ఉంది.

180వ రోజుకి రెండు అమ్మకాలయ్యాయి. మొదటిది ఇడ్లీ పాత్ర. రెండోది, మీరు నమ్మరు, కుక్కపిల్ల తిండి! ఎవరో గ్రైండర్ లింకు నొక్కి అది కొనుక్కున్నారు. మూడోది రాలేదు. ఖాతా మూతపడింది.

అక్కకి ఆ రాత్రి ఏడుపొచ్చింది. కానీ మూతపడింది ఖాతానే, వ్యాసాలు కాదు. వాటిని జనం చదువుతూనే ఉన్నారు. రెండు వారాల తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టింది. అందుకు వీలుంది. కొత్త ఖాతా వచ్చాక పాత లింకులన్నీ ఒక్కొక్కటీ మార్చాల్సి వచ్చింది. దానికి ఒక శనివారం మొత్తం పట్టింది. ఈసారి మొదటి రోజు నుంచే చదివేవాళ్ళు ఉన్నారు. మొదటిసారి ఆ సదుపాయం లేదు.

పెద్ద ఉదాహరణ కూడా ఒకటి తెలుసుకోండి. బ్రయన్ లామ్ అనే విలేఖరి 2011లో వైర్‌కట్టర్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు. అప్పట్లో సాంకేతిక వార్తల సైట్లు రోజుకి పదుల కొద్దీ వ్యాసాలు వేసేవి. ఆయన తక్కువ వ్యాసాలు, ఎక్కువ పరీక్షలు అనే దారి ఎంచుకున్నారు. ఆదాయం ముఖ్యంగా అఫిలియేట్ కమీషన్ల నుంచే. 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని సుమారు 3 కోట్ల డాలర్లకి కొన్నది. అందరికీ అలా జరగదు. చాలా వెబ్‌సైట్లకి జేబుఖర్చులు కూడా రావు, అది దాచాల్సిన పని లేదు. నేను చెప్పదలచుకుంది నడుమ గడిచిన ఆ ఐదేళ్ళ గురించి.

కొత్త మాటలు

బోణీ: రోజులో లేదా వ్యాపారంలో మొదటి అమ్మకం
గిరాకీ: కొనేవాళ్ళ రాక. "ఇవాళ గిరాకీ లేదు" అంటారు
గల్లాపెట్టె: కొట్టులో డబ్బులు వేసుకునే పెట్టె
ఈగలు తోలుకోవడం: కొనేవాళ్ళు లేక ఖాళీగా కూర్చోవడం
కొట్టు: అంగడి. తెలంగాణలో దుకాణం అనే మాట ఎక్కువ వింటాం
గుండిగ: ఎక్కువమందికి వండే పెద్ద పాత్ర
జోస్యం: ముందు జరగబోయేది చెప్పడం

అభ్యాసం

1. సరైన మాటతో పూరించండి.

క) నిన్న బాగా మంచు కురిసింది. కొట్టుకి ఎవరూ ______. (రాలేదు / రారు)
గ) మా తాతయ్య కాఫీలో చక్కెర ______, డాక్టరు వద్దన్నారు. (వేసుకోలేదు / వేసుకోరు)
చ) పుస్తకం సగం చదివాను. ఇంకా పూర్తి ______. (చెయ్యలేదు / చెయ్యను)
ట) ఆదివారం ఆ దుకాణం ______. శనివారమే వెళ్దాం. (తెరవలేదు / తెరవరు)

2. లెక్క చెయ్యండి. "10 వస్తువులు" వ్యాసం కనిపించిన ప్రతి 100 సార్లలో ఎన్నిసార్లు నొక్కారు? గ్రైండర్ వ్యాసాన్ని ఎన్నిసార్లు నొక్కారు? 200 డాలర్ల గ్రైండర్ మీద కమీషన్ 4 శాతం అనుకుంటే అక్కకి ఎంత వస్తుంది? జవాబులు అంకెల్లో కాకుండా తెలుగు మాటల్లో రాయండి.

3. మాట్లాడండి. మన పెద్దవాళ్ళు "నిదానమే ప్రధానం" అంటారు. వాళ్ళే "ఆలస్యం అమృతం విషం" అని కూడా అంటారు. అక్క 120వ రోజున ఉన్నప్పుడు మీరైతే ఆమెకి ఏ సామెత చెప్పేవారు? 180వ రోజున?

4. తమ్ముడు ఆ ప్రశ్న అడగకపోతే అక్క ఆ అబద్ధపు వ్యాసం ఉంచేసేదా? మీరు తమ్ముడైతే ఏ మాటలతో అడిగేవారు? అక్కని నొప్పించకుండా రెండు వాక్యాలు రాయండి.

5. మీ ఇంట్లో రోజూ వాడే ఒక వస్తువు తీసుకోండి. అది ఎన్నాళ్ళనుంచి ఉందో అమ్మనో నాన్ననో తెలుగులో అడగండి. కరెంటు వస్తువైతే దాని అడుగున ఎన్ని వోల్టులని రాసి ఉందో చూడండి. ఆ వస్తువు గురించి ఎనిమిది వాక్యాలు రాయండి. అందులో ఒక వాక్యం ఆ వస్తువులో మీకు నచ్చని సంగతి గురించి ఉండాలి. వచ్చే వారం తరగతిలో చదివి వినిపించండి. విన్నవాళ్ళు ఏ ప్రశ్నలు అడిగారో నోటుపుస్తకంలో రాసుకోండి.